గిరగిరా తిరిగే డబ్బా... జర భద్రం!

ముసురు పట్టిందంటే ఎండ మొహం చూసి వారమవుతుంది. దండెం మీది బట్టలు దండెం మీదే ఉంటాయి. తెల్లారితే పిల్లాడి యూనిఫాం కావాలి. వానాకాలం పోయిందనుకుంటే చలికాలం. ఆదిలాబాద్ వైపు పొద్దెక్కినా మంచు తెర తొలగదు. రగ్గు ఉతికితే ఆరడానికి రెండు రోజులు. అలాంటప్పుడు ఇల్లాలి ఆశలన్నీ వాషింగ్ మెషీన్‌లోని ఆ చిన్న డబ్బా మీదే. సరిగ్గా అప్పుడే అది 'మ్‌మ్‌మ్' అని మూలిగి ఆగిపోతుంది!

మెకానిక్ కోసం పరుగులు పెట్టే ముందు ఆ డబ్బా ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకుంటే చాలు. సగం రిపేర్ల అవసరమే రాదు. అంతకంటే ముఖ్యం... దానితో వచ్చే ప్రమాదాలూ తప్పుతాయి.

మీ ఇంట్లో ఉన్నది ఏది?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు చాలా ఇళ్లలో 'డ్రయ్యర్' అంటే సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో ఉతికే తొట్టి పక్కనుండే చిన్న తొట్టి. నిజానికి అది బట్టలను ఆరబెట్టదు, పిండుతుంది అంతే! నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా తిరుగుతూ నీటిని రంధ్రాల్లోంచి బయటికి విసిరేస్తుంది. అందులో హీటర్ ఉండదు. కాబట్టి 'డ్రయ్యర్‌లో వేసినా ఇంకా చెమ్మగానే ఉన్నాయి' అని మెషీన్‌ను తిట్టుకోవాల్సిన పని లేదు. దాని పని అంతవరకే.

రెండో రకం వేడిగాలితో పూర్తిగా ఆరబెట్టేది. ఇందులో మళ్లీ మూడు రకాలు. వెనక లావుపాటి గొట్టం ఉండి ఆవిరిని బయటికి పంపితే 'వెంటెడ్'. గొట్టం లేకుండా ఆవిరిని మళ్లీ నీరుగా మార్చి ట్యాంకులోకో, డ్రెయిన్‌లోకో పంపితే 'కండెన్సర్'. ఆ వేడినే తిరిగి వాడుకుంటూ కరెంటు ఆదా చేస్తే 'హీట్ పంప్'. కొన్ని ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే డ్రమ్ములో జరుగుతాయి.

ఏ రకమో తేలకపోతే మెషీన్ వెనక అతికించిన ప్లేటు చూడండి. మోడల్, సీరియల్ నంబర్లు, ఓల్టేజి, వాట్లు అన్నీ అక్కడే ఉంటాయి. సెల్‌ఫోన్‌తో దాన్నొక ఫొటో తీసి ఉంచుకుంటే విడిభాగాలు కొనేటప్పుడు పనికొస్తుంది. ఉతికే తొట్టి కెపాసిటీ, పిండే తొట్టి కెపాసిటీ చాలా మెషీన్లలో ఒకటి కాదన్నదీ గుర్తుంచుకోవాలి. ఉతికినవన్నీ ఒకేసారి కుక్కితే ఆ డబ్బా మొరాయించక ఏం చేస్తుంది?

ముందు పిండండి... తర్వాతే వేడి

లీటరు నీటిని ఆవిరి చేయాలంటే సుమారు 0.7 యూనిట్ల శక్తి కావాలి. అదే నీటిని తిప్పి విసిరేయడానికి అయ్యేది చాలా తక్కువ. 300 వాట్ల మోటారు 5 నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది యూనిట్‌లో 40వ వంతే. 2 వేల వాట్ల హీటర్ గంట పనిచేస్తే 2 యూనిట్లు! వేడిగాలి డ్రయ్యర్ ఉన్నవాళ్లు కూడా ముందు బట్టలను గట్టిగా పిండించి తర్వాత అందులో వేస్తే బిల్లు తగ్గుతుంది.

సర్దడంలోనే ఉంది సంగతి

డబ్బా ధనాధన్ కొట్టుకుంటోందా? చాలాసార్లు తప్పు మెషీన్‌ది కాదు, బట్టలు వేసిన తీరుది. బరువంతా ఒక పక్కకు చేరితే తొట్టి ఊగిపోతుంది. బరువైనవి అడుగున, తేలికైనవి పైన చుట్టూ సమంగా సర్దాలి. చేత్తో అదిమి, మెషీన్‌తో వచ్చిన జల్లెడ మూతను తప్పకుండా పెట్టాలి. 'ఆ ప్లాస్టిక్ బిళ్ల ఎందుకులే' అని అటకెక్కిస్తే కర్చీఫో, సాక్సో ఎగిరి రెండు తొట్ల మధ్య సందులో ఇరుక్కుంటుంది. సర్దినా ఊగుతుంటే మెషీన్ నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాయో లేదో చూడండి.

వానాకాలంలో మరో జాగ్రత్త. రెయిన్‌కోట్లు, ప్లాస్టిక్ పట్టాల్లాంటివి ఇందులో వేయనే వేయకూడదు. వాటిలోంచి నీరు బయటికి పోదు. ఒక చోటే నిలిచిపోయి తొట్టి తూకం తప్పుతుంది. ఆ వేగంలో మెషీన్ పగిలినా ఆశ్చర్యం లేదు.

చప్పుడే చెబుతుంది

అసలు చప్పుడే లేదంటే... ప్లగ్గు, ఫ్యూజు, టైమర్ చూడండి. మూత సరిగా పడకపోయినా తిరగదు. మూత కింద ఉండే స్విచ్చి నొక్కుకుంటేనే మోటారుకు కరెంటు వెళ్తుంది.

మూలుగుతోంది కానీ తిరగడం లేదంటే... వెంటనే ఆపేయండి. అలాగే వదిలితే మోటారు కాలిపోతుంది. ప్లగ్గు తీసి, సందులో గుడ్డ ఇరుక్కుందేమో చూడండి. లేదంటే బ్రేకు వదలకపోవడమో, కెపాసిటర్ పోవడమో కారణం. కెపాసిటర్‌ను సొంతంగా ముట్టుకోవద్దు. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిల్వ ఉండొచ్చు. మార్చేటప్పుడు పాతదాని మీదున్న రేటింగే కొత్తదానికీ ఉండాలి.

కాలిన వాసన, నెమ్మదిగా తిరగడం అంటే... బ్రేకు రాసుకుంటోందని అనుమానించాలి.

మెషీన్ కింద నీళ్లు, బుర్రుబుర్రుమనే చప్పుడు అంటే... తొట్టి అడుగున ఉండే రబ్బరు సీలు అరిగి నీరు కిందికి దిగుతోందని అర్థం. చిన్న రబ్బరే కదా అని వదిలేస్తే నీరు మోటారు బేరింగుల్లోకి చేరుతుంది. రబ్బరుతో పోయేది మోటారు దాకా వస్తుంది.

మూత తీస్తే ఆగాలి

మెకానిక్ వచ్చినప్పుడు తప్పకుండా చూపించాల్సింది బ్రేకు. మూత ఎత్తగానే కరెంటు ఆగి, బ్రేకు పడి, తొట్టి కొద్ది సెకన్లలో నిలిచిపోవాలి. బ్రేకు తీగ వదులైతే మూత తీసినా తొట్టి తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడు చూసి పసివాడు చెయ్యి పెట్టాడంటే... లోపలి బట్ట వేళ్లకు చుట్టుకుంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొందరు మూత స్విచ్చి పాడైతే రెండు వైర్లూ కలిపేసి 'నడిపించేస్తారు'. అలా చేస్తామంటే ఒప్పుకోవద్దు. కొత్త స్విచ్చే వేయించండి.

ఎర్తింగ్ సంగతీ అంతే. బయట ప్లాస్టిక్ బాడీ ఉంది కదా అని రెండు పిన్నుల ప్లగ్గుతో సరిపెట్టకూడదు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఇంటిల్లిపాదికీ రక్ష.

నెలకో పది నిమిషాలు

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వంటి బొగ్గుబావుల ఊళ్లలో డ్యూటీ బట్టలను ముందు బయట దులిపి, ఒకసారి బకెట్లో జాడించాకే మెషీన్‌లో వేయడం మంచిది. లేకపోతే బొగ్గు పొడి, సబ్బు మడ్డి కలిసి గొట్టంలో పేరుకుంటాయి. నెలకోసారి గొట్టం విప్పి కడగాలి. దాన్ని బాత్రూం గడప మీదుగా ఎత్తి పెట్టకూడదు. నీరు కిందికే పోవాలి కదా! పని అయ్యాక మూత కాసేపు తెరిచి ఉంచితే వాసన రాదు. పిల్లలున్న ఇంట్లో ప్లగ్గు తీశాకే ఆ పని చేయాలి. ఎలుకలు కింది నుంచి దూరి వైర్లు కొరకకుండా అడుగు భాగాన్ని జాలీతో మూయించాలి.

2022 జులైలో గోదావరి పొంగినప్పుడు మంచిర్యాల, మంథనిలో కాలనీలే మునిగాయి. అలా ఒకసారి నీట మునిగిన మెషీన్‌ను 'ఎండలో పెట్టాం కదా' అని ప్లగ్గులో పెట్టకూడదు. మెకానిక్ విప్పి, ఆరబెట్టి, పరీక్షించాకే వాడాలి.

అమెరికా వెళ్తున్నారా?

కూతురి పురుడుకో, కోడలి సాయానికో అమెరికా వెళ్లే అమ్మలకు అక్కడ ఎదురయ్యేది వేడిగాలి డ్రయ్యర్. బట్టల నుంచి రాలే నూగు అందులోని జల్లెడలో చేరుతుంది. దాన్ని ప్రతిసారీ తీసేయాలి. 2008-2010 లెక్కల ప్రకారం ఆ దేశంలో డ్రయ్యర్ల వల్ల ఏటా సుమారు 2,900 ఇళ్లలో మంటలు రేగాయి. శుభ్రం చేయకపోవడమే అందులో మొదటి కారణం.

మరొకటి... పసిబిడ్డకు నూనె మర్దన చేసి తుడిచిన గుడ్డలు అందులో వేయొద్దు. బట్టకు పట్టిన నూనె వేడికి రాజుకుని, డ్రయ్యర్ ఆగాక కూడా మంట లేవొచ్చు. బట్టల లేబుల్ మీద చతురస్రంలో గుండ్రం ఉంటే డ్రయ్యర్‌లో వేయొచ్చని, దాని మీద అడ్డగీతలుంటే వేయొద్దని అర్థం.

దండేన్నీ చూసుకోండి

ఎంత మంచి డ్రయ్యర్ ఉన్నా మన బట్టలు చివరికి చేరేది దండెం మీదికే. 2022 జులైలో కామారెడ్డిలో బట్టలారేసే తీగకు కరెంటు పాకి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. ఇనుప తీగను కరెంటు స్తంభానికో, సర్వీసు వైరు దగ్గరి రేకులకో కట్టడమంటే మృత్యువును ఇంట్లోకి పిలవడమే. ఈ ఆదివారం చేయాల్సిన మొదటి పని... ఆ తీగ తీసేసి ఓ నైలాన్ తాడు కట్టండి. రెండో పని, డబ్బా ఖాళీగా తిరుగుతుండగా మూత ఎత్తి, చెయ్యి పెట్టకుండా, ఎన్ని సెకన్లలో ఆగుతుందో లెక్కపెట్టండి. ఠక్కున ఆగకపోతే మెకానిక్‌కు కబురు పెట్టండి. అంతవరకూ బట్టలు చేత్తో పిండుకున్నా ఫర్వాలేదు!