ఎర్ర ప్లేటుతో ఓడరేవు నుంచి: అండమాన్ దీవులలో కొత్త వాహనాల చేరవేత

అండమాన్ నికోబార్ దీవులలో మోటారు వాహనాలు తయారుచేసే కర్మాగారం లేదు. రైలు మార్గమూ లేదు. అక్కడి రోడ్లపై తిరిగే ప్రతి కారు, ప్రతి లారీ, ప్రతి ఆటోరిక్షా ఏదో ఒకనాడు ఓడలో వచ్చి రేవులో దిగినదే. చెన్నై నుంచి గాని, కోల్‌కతా నుంచి గాని, విశాఖపట్నం నుంచి గాని బయలుదేరితే రమారమి 1,200 కిలోమీటర్ల సముద్రాన్ని దాటాలి. ప్రయాణికుల ఓడకే ఇది రెండున్నర రోజుల ప్రయాణం. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో క్రేను దింపిన కొత్త కారును తొలిసారి రోడ్డుపైకి నడిపించేవాడు దాని యజమాని కాడు, కాబోయే యజమాని కూడా కాడు. అతడు కూలికి వచ్చిన డ్రైవరు. ఆ కారుకు అప్పటికింకా నంబరు కూడా ఉండదు.

నంబరు లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను నిర్దేశిస్తున్నది. నంబరు కావాలంటే వాహనాన్ని తనిఖీకి తీసుకుపోవాలి. తీసుకుపోవాలంటే నడపాలి. నడపాలంటే నంబరు కావాలి! ఈ చిక్కును విప్పడానికే అమ్మకందారులకు ‘ట్రేడ్ సర్టిఫికెట్’ అనే ఏర్పాటు కల్పించారు. ఇది ఒక వాహనానికి శాశ్వతంగా అంటిపెట్టుకొని ఉండే గుర్తింపు కాదు. వ్యాపారికి ఇచ్చిన అనుమతి. తన అధీనంలో ఉన్న, ఇంకా రిజిస్టరు కాని వాహనాన్ని కొన్ని పనులకు మాత్రమే అతడు ఈ అనుమతిపై రోడ్డు మీదకు తేవచ్చు. 2020లో సవరించిన నియమాల ప్రకారం ఈ ప్లేటు ఎర్రనిది. దానిపై అక్షరాలు తెల్లనివి. తాత్కాలిక రిజిస్ట్రేషన్, అంటే జనం ‘టి.ఆర్.’ అని పిలిచేది, పసుపు ప్లేటుపై ఎర్ర అక్షరాలతో ఉంటుంది. ఒక ఏడాదికే చెల్లుతూ వచ్చిన ట్రేడ్ సర్టిఫికెట్ గడువును 2022 సెప్టెంబరులో ఐదేళ్లకు పెంచారు.

ఏయే పనులకు ఈ ప్లేటు చెల్లుతుందో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి పేర్కొన్నది. తయారీలోనో మరమ్మతు తరువాతనో వాహనాన్ని పరీక్షించడం, తూకానికో రిజిస్ట్రేషనుకో తీసుకుపోవడం, కొనదలచిన వారికి నడిపి చూపడం, బాడీ కట్టడానికో రంగు వేయడానికో వర్క్‌షాపుకు చేర్చడం వాటిలో కొన్ని. ఆ జాబితాలోనే విమానాశ్రయం, రైల్వే స్టేషను, ఓడరేవు అనే మూడు మాటలు ఉన్నాయి. రవాణా కోసం అక్కడికి వెళ్లవచ్చు, రవాణా అయిన తరువాత అక్కడి నుంచి రావచ్చు. దేశంలోని అత్యధిక జిల్లాలలో ఈ మూడవ మాటతో ఎవరికీ పని పడదు. అండమాన్‌లో మాత్రం ప్రతి కొత్త వాహనపు కథా ఆ మాట దగ్గరే మొదలవుతుంది.

జాబితాలో లేనిది కూడా డ్రైవరుకు తెలిసి ఉండాలి. దారిలో కనిపించిన పరిచయస్థుణ్ణి ఎక్కించుకోవడం, ఇంటికి రెండు బియ్యం బస్తాలు వేసుకుపోవడం, సాయంత్రం వరకు తన దగ్గరే ఉంచుకోవడం — వీటిలో ఏదీ ఎర్ర ప్లేటు కిందికి రాదు. చక్రం తిప్పేది అతడే అయినా బండి ఒకరిది, ప్లేటు ఒకరిది. అతనికంటూ మిగిలేది బాధ్యత ఒక్కటే. వాహన రంగంలో ఇంత తక్కువ హక్కుతో ఇంత ఎక్కువ పూచీ వహించే పని మరొకటి ఉండకపోవచ్చు.

ఈ వృత్తి అండమాన్‌కే ప్రత్యేకమైనది కాదు. బ్రిటన్‌లో 1903 నాటి మోటారు కార్ల చట్టమే తయారీదారులకు, వ్యాపారులకు ఉమ్మడి గుర్తింపు సంఖ్యను అనుమతించింది. నేటికీ అక్కడ తెల్లని ప్లేటుపై ఎర్ర అక్షరాలతో వ్యాపారుల నంబర్లు కనిపిస్తాయి. కారును అప్పగించిన డ్రైవరు ప్లేట్లను చంకన పెట్టుకొని రోడ్డు పక్కన నిలబడితే, వాటిని చూసి సాటి డ్రైవర్లు ఆపి ఎక్కించుకోవడం అక్కడి పాత ఆనవాయితీ. తెలుగు పాఠకులకు ఇంతకన్నా దగ్గరి దృశ్యం చెన్నై-విజయవాడ రహదారి మీదిది. క్యాబిను, బాడీ లేని లారీ ఛాసిస్‌పై ఒక చెక్క పీట బిగించుకొని, తలకు తువ్వాలు చుట్టుకొని, ఎండకూ దుమ్ముకూ ఎదురొడ్డి సాగిపోయే డ్రైవరును ఒక తరం వారు తరచుగా చూసినవారే. ఆ ఛాసిస్‌లలో ఎన్నో బాడీల నిర్మాణానికి పేరుపొందిన విజయవాడ ఆటోనగర్‌కు చేరేవి.

రహదారిపై చేరవేతకూ సముద్రం దాటి చేరవేతకూ తేడా రేవులోనే తెలిసివస్తుంది. ఓడ ఎక్కించే వాహనంలో ఇంధనం అతి తక్కువగా ఉంచుతారు. బ్యాటరీ తీగలు విప్పుతారు. అగ్నిప్రమాదం జరగకుండా తీసుకునే జాగ్రత్త ఇది. అందువల్ల దిగిన బండిని అందుకొనే డ్రైవరు మొదట చేయవలసినది ప్రయాణం కాదు, పరిశీలన. బ్యాటరీ తీగలు బిగించాలి. టైర్లలో గాలి చూడాలి. మీటరుపై అంకె రాసుకోవాలి. స్పేర్ టైరు, జాకీ, పనిముట్లు, రెండవ తాళంచెవి ఉన్నాయో లేదో లెక్క చూడాలి. తాళ్లు ఒరసిన చోట, క్రేను పట్టీలు తగిలిన చోట గీతలుంటే రసీదుపై అక్కడికక్కడే రాయించాలి. సంతకం పెట్టకముందు కనిపించిన గీత రవాణాలో పడినది. సంతకం పెట్టిన తరువాత కనిపించినది డ్రైవరు చేసినది. ఒక వేలెడంత గీత అతని పలు రోజుల కూలిని హరించగలదు. అందుచేత తొందరపడి సంతకం చేసేవాడు ఈ పనిలో ఎక్కువ కాలం నిలువలేడు.

డెక్కుపై వచ్చిన వాహనమైతే ఉప్పునీటి తుంపర పట్టి ఉంటుంది. ఇనుముకు ఉప్పు చేసే చేటు తీరవాసులకు చెప్పనక్కరలేదు. మంచినీటితో అడుగుభాగం దాకా కడగడమే దానికి మందు. కాని వేసవిలో ఆ నగరానికి మంచినీరే అపురూపం. నగరానికి నీరిచ్చే ధనిఖారి జలాశయం ఎండాకాలంలో అడుగంటితే కుళాయిలకు వంతులు పడతాయి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే చోట ఒక కారు కడగడానికి నీళ్లు వెతుక్కోవడం విచిత్రంగా తోచవచ్చు. నిలువ చేసే చోట్లు తక్కువైన దీవుల పరిస్థితి అది.

ప్రధాన భూభాగంలోనే కారు కొని దీవులకు తెచ్చుకొనే వారిది ఇంకొక చిక్కు. వారి బండి టి.ఆర్. నంబరుతో వస్తుంది. పాత చట్టం ప్రకారం టి.ఆర్. ఒక నెలకు మించి చెల్లేది కాదు, సాధారణంగా పొడిగింపూ లేదు. చెన్నైలోనో విశాఖలోనో ఓడలో చోటు దొరికే వరకు నిరీక్షణ, తుపాను హెచ్చరిక వస్తే మరికొన్ని రోజుల ఆలస్యం, ఆపైన సముద్ర ప్రయాణం — ఇన్నింటినీ ఆ ముప్పది రోజులలో ఇమడ్చాలి. నెల అనే ఆ గడువును నిర్ణయించినవారు రోడ్డుపై నడిచే బండిని తలచుకున్నారే గాని ఓడ కోసం కాచుకొనే బండిని తలచుకోలేదనిపిస్తుంది. 2019 చట్ట సవరణ తరువాత ఈ గడువు ఆరు నెలలకు పెరిగింది. అదే సవరణ మరొక మార్పు కూడా తెచ్చింది. కొనుగోలుదారు ఉన్న రాష్ట్రంలోనే అమ్మకందారూ ఉంటే రిజిస్ట్రేషనుకు అతడే దరఖాస్తు చేయాలి. నంబరు ప్లేటు బిగించనిదే కొత్త వాహనాన్ని యజమానికి అప్పగించరాదు. దీనితో ఎర్ర ప్లేటు ప్రయాణం చాలావరకు రేవుకూ దుకాణానికీ, దుకాణానికీ రిజిస్ట్రేషన్ కార్యాలయానికీ మధ్య కుదించుకుపోయింది. కొనుగోలుదారు గుమ్మం దాకా సాగే చివరి ప్రయాణం ఇప్పుడు ‘ఎ.ఎన్.’ అక్షరాలతో మొదలయ్యే సొంత నంబరుపైనే జరుగుతుంది. ప్లేటు మారినా దారి మారలేదు, నడిపేవాడి పనీ మారలేదు.

ఆ దారిలో అతి పొడవైనది, అతి క్లిష్టమైనది ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్‌కు పోయేది. అండమాన్ ట్రంక్ రోడ్డు అనే ఈ రహదారి పొడవు 300 కిలోమీటర్లకు పైబడినది. ఇప్పుడిది 4వ నంబరు జాతీయ రహదారిలో భాగం. మైదాన ప్రాంతంలో ఇది ఒక పూట ప్రయాణం. ఇక్కడ మాత్రం తెల్లవారకముందే బయలుదేరాలి. ఎందుకంటే దక్షిణ అండమాన్‌లోని జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటిన తరువాత దాదాపు 50 కిలోమీటర్ల మేర ఈ రోడ్డు జారవాల అడవి గుండా పోతుంది. ఆ అడవిలోకి వాహనాలను విడివిడిగా పోనివ్వరు. రోజుకు కొన్ని నిర్ణీత వేళలలో, ముందూ వెనుకా పోలీసు రక్షణతో, బారుగా పంపుతారు. ఒక బారు తప్పితే తరువాతి బారు దాకా ఆగవలసిందే; చివరి బారు తప్పితే మరునాటి మాట.

ఈ కట్టుబాటుకు కారణం వాహనాల క్షేమం మాత్రమే కాదు. జారవాలు కొన్ని వందల మంది మాత్రమే ఉన్న ఆదిమ జాతి. వేట, సేకరణ వారి జీవనాధారం. 1956 నాటి ఆదిమ జాతుల రక్షణ నిబంధనల కింద వారి భూమి వారికే కేటాయింపబడింది. ఆ అడవిని చీల్చుకొని రోడ్డు వేయడాన్ని వారు మొదటినుంచీ ప్రతిఘటించారు. 1990 దశకం చివరి సంవత్సరాలలో వారే అడవి వెలుపలికి రావడం మొదలైన తరువాత, బయటి వారి తిండి, మత్తు పదార్థాలు, అంటువ్యాధులు ఆ దారిన వారిని చేరే ప్రమాదం ఏర్పడింది. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఈ అడవి గుండా పోయే రోడ్డు భాగాన్ని మూసివేయాలని ఆదేశించింది. అటువైపు నివసించే వేలాది కుటుంబాలకు ఆసుపత్రి, అంగడి, కాలేజీ ఈ రోడ్డు మీదనే ఆధారపడి ఉన్నాయన్న వాదంతో రాకపోకలు ఆగలేదు. ఆంక్షలు మాత్రం బిగిశాయి. రెండు న్యాయమైన అవసరాల మధ్య ఈ పేచీ ఇంకా తీరలేదనే చెప్పాలి.

ఆ పేచీలో కారు చేరవేసే డ్రైవరు స్థానం చిన్నదే. కాని రోడ్డు మీద ఆ ఆంక్షలను ఆచరణలో పెట్టవలసినవాడు అతడే. గంటకు 40 కిలోమీటర్లు దాటరాదు. ముందు బండిని దాటిపోరాదు. ఆగరాదు. ఫోటో తీయరాదు. రోడ్డు పక్కన ఎవరైనా నిలబడి చేయి చాచినా తినుబండారం ఇవ్వరాదు. జాలితో ఇచ్చిన బిస్కెట్టు పొట్లం కూడా అక్కడ నేరమే. దారిలో బండి ఆగిపోతే వెనుకనున్న బారంతా ఆగిపోతుంది గనుక, జిర్కాటాంగ్ చేరకముందే ఇంధనం, నీరు, టైర్లు సరిచూసుకోవడం అతని విధి. ఓడ దిగినప్పుడు దాదాపు ఖాళీగా ఉన్న ట్యాంకు సంగతి ఇక్కడ మరువరానిది. కొత్త ఇంజనును మొదటి వేయి కిలోమీటర్లు వేగంగా పోనివ్వరాదని తయారీదారులు హెచ్చరిస్తుంటారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఈ రోడ్డు కొత్త కారుకు ఎంతో అనుకూలం!

అడవి దాటగానే మిడిల్ స్ట్రెయిట్ జలసంధి అడ్డువస్తుంది. చిరకాలంగా ఇక్కడ బండ్లు ఫెర్రీ పైకి ఎక్కి బారాటాంగ్ దీవికి చేరుతున్నాయి. ఆటుపోట్లను బట్టి ఫెర్రీకీ ఒడ్డుకీ మధ్య వాలు మారుతుంటుంది. నేలకు దగ్గరగా ఉండే కారు ముందుభాగం ఆ వాలులో ఒరసుకోకుండా ఎక్కించడం చేయి తిరిగినవాడికే సాధ్యం. ఆపైన హంఫ్రీ జలసంధి మీద ఇటీవలి సంవత్సరాలలో ఆజాద్ హింద్ ఫౌజ్ సేతువు వచ్చి ఒక ఫెర్రీని తప్పించింది. కదంతలా, రంగత్, మాయాబందర్ దాటిన తరువాత 2002 నుంచి వాడుకలో ఉన్న చెంగప్ప వంతెన మీదుగా ఉత్తర అండమాన్‌లో అడుగు పెట్టవచ్చు.

ఈ దారి పొడవునా డ్రైవరు చెవిన పడే భాషలు అనేకం. డిగ్లీపూర్, రంగత్ ప్రాంతాలలో తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చిన కుటుంబాల వారు బెంగాలీ మాట్లాడతారు. అడవి పనులకు వచ్చిన రాంచీ ప్రాంతీయుల సంతతి ఉన్నది. తమిళులు, మలయాళీలు ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాలలో ఉన్నాయి. నగరంలోని జంగ్లీఘాట్‌లో తెలుగు మాట ధారాళంగా వినవచ్చు. వీరందరి నడుమ వ్యవహారం నడిపేది హిందీ. అది వ్యాకరణ గ్రంథాల హిందీ కాదు. క్రియకు పుంలింగమా స్త్రీలింగమా అని తటపటాయించకుండా పని జరుపుకొనే హిందీ. ఫెర్రీ దగ్గర ‘ఇంకాస్త వెనక్కి, ఇంకాస్త వెనక్కి’ అని చేయి ఊపే బెంగాలీ సిబ్బందికీ, అద్దంలో చూస్తూ చక్రం తిప్పే తెలుగు డ్రైవరుకూ అంతకు మించిన వ్యాకరణం అవసరం పడదు.

రోడ్డుతో కలియని దీవులకు పోవలసిన వాహనాల సంగతి వేరు. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌ల వంటి వాటికి బండి మళ్లీ నౌక ఎక్కాలి. కార్ నికోబార్‌కో గ్రేట్ నికోబార్‌కో అయితే దక్షిణ దిశగా మరొక సముద్ర ప్రయాణం, మరొక క్రేను, మరొకసారి గీతల తనిఖీ.

డిగ్లీపూర్‌లో బండి అప్పగింత పది నిమిషాల పని. కొన్నవారు దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. డ్రైవరు మీటరు అంకె చూపి, తాళంచెవులు రెండూ అప్పగించి, రసీదుపై సంతకం తీసుకుంటాడు. వ్యాపారికి తిరిగి అందవలసిన కాగితాలను సంచిలో భద్రం చేసుకుంటాడు. మరునాడు వేకువన బయలుదేరే బస్సులో అతనికి సీటు కావాలి. ఆ బస్సు కూడా మిడిల్ స్ట్రెయిట్ దగ్గర ఫెర్రీ ఎక్కి, జలసంధి దాటి, అడవిలోకి వెళ్లే బారులో తన వంతు కోసం నిలబడుతుంది.