మన హాస్టల్ గ్రౌండులో నీళ్ళ రాకెట్

రాకెట్ అనగానే మనకు శ్రీహరికోట గుర్తుకు వస్తుంది. పొదిలిలో బస్సెక్కి ఒంగోలు చేరి, అక్కడి నుండి నెల్లూరు దాటితే సూళ్ళూరుపేట. దానికి ఆనుకునే శ్రీహరికోట. అంత దగ్గరున్నా మనలో చాలామందికి అది వేరే లోకంలాగే ఉంటుంది. "అది పెద్ద చదువులు చదివినవాళ్ళ పని, మనకెందుకులే" అనుకుంటాం.

మేము ఈ హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో న్యూటన్ మూడవ గమన నియమాన్ని బట్టీ పట్టాం. పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ నియమం పనిచేస్తుంటే ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. ఆ లోటు తమ్ముళ్ళకు ఉండకూడదని పూర్వ విద్యార్థులం కొందరం కొన్ని ఆదివారాలు హాస్టల్‌కు వచ్చి, పిల్లలతో కలిసి నీళ్ళ రాకెట్లు తయారు చేసి ఎగరేశాం. ఆ పద్ధతినీ, మేము చేసిన తప్పులనూ ఈ సంచికలో రాస్తున్నాం. చదివిన ప్రతి తమ్ముడూ చేసి చూడాలని మా కోరిక.

ముందుగా ఒక హెచ్చరిక

రాకెట్ అనగానే మొదటి రోజే ఒక తమ్ముడు, "అన్నా, దీపావళి మందు కూరితే ఇంకా పైకి పోతుంది కదా?" అని అడిగాడు. ఆ ఆలోచన చాలామందికి వస్తుంది. పటాసుల మందు గానీ, అగ్గిపుల్లల తలలు గానీ గొట్టంలో కూరి మూత బిగిస్తే తయారయ్యేది రాకెట్ కాదు, బాంబు. వేళ్ళు, కళ్ళు పోతాయి. లైసెన్సు లేకుండా పేలుడు మందు తయారు చేయడం చట్టప్రకారం నేరం కూడా. నీళ్ళ రాకెట్‌కు నిప్పుతో పని లేదు. సూత్రం మాత్రం రెండింటికీ ఒక్కటే.

ఎందుకు పైకి లేస్తుంది?

ఊదిన బుడగను ముడి వేయకుండా వదిలేస్తే గది అంతా తిరుగుతుంది. లోపలి గాలి వెనక్కు పోతుంది, బుడగ ముందుకు పోతుంది. చర్యకు సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ 1687లో ప్రచురించిన గ్రంథంలో చెప్పింది ఇదే. నీళ్ళ రాకెట్‌లో పంపుతో కొట్టిన గాలి స్ప్రింగులాగా నొక్కుకొని ఉంటుంది. బిరడా ఊడగానే ఆ గాలి నీళ్ళను కిందికి నెడుతుంది. నీళ్ళు కిందికి, బాటిల్ పైకి.

మరి నీళ్ళెందుకు, ఒట్టి గాలి చాలదా? గాలి చాలా తేలిక. అది బయటికి పోయినా రాకెట్‌కు అందే తోపు తక్కువ. నీళ్ళు బరువు కాబట్టి గట్టిగా తోస్తాయి. అలాగని బాటిల్ నిండా నీళ్ళు పోస్తే గాలికి చోటుండదు. నెట్టేవాడే లేకపోతే బండి ఎలా కదులుతుంది? అందుకని రెండూ తగుపాళ్ళలో ఉండాలి.

కావలసిన వస్తువులు

1. ఒక లీటరు కూల్‌డ్రింకు బాటిళ్ళు రెండు. మామూలు తాగునీటి బాటిల్ పనికిరాదు. అది పలచన. కూల్‌డ్రింకు బాటిల్‌ను గ్యాసు ఒత్తిడికి తట్టుకునేట్టు తయారు చేస్తారు.
2. బాటిల్ మూతికి బిగుతుగా పట్టే రబ్బరు బిరడా.
3. ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే సూది.
4. సైకిల్ పంపు. దాని ట్యూబును సైకిల్ షాపులో నాలుగైదు మీటర్ల పొడవు చేయించుకోవాలి.
5. పాత ప్లాస్టిక్ ఫైలు, బ్రౌన్ టేపు, నిమ్మకాయంత బంకమట్టి.
6. నిలబెట్టడానికి మూడు ఇటుకలు.

తయారు చేసే పద్ధతి

రాకెట్‌లో బాటిల్ తలకిందులుగా ఉంటుంది. మూతి కిందికి, అడుగు పైకి. రెండో బాటిల్ పైభాగం కోసి, దాని మూత బిగించి, లోపల బంకమట్టి పెట్టి, మొదటి బాటిల్ అడుగుకు టోపీలాగా తొడిగి టేపు చుట్టాలి. అది రాకెట్ ముక్కు. ప్లాస్టిక్ ఫైలు నుండి ఒకే కొలతలో మూడు రెక్కలు కత్తిరించి, మూతి వైపు సమాన దూరంలో నిటారుగా అంటించాలి. గాలి పట్టే బాటిల్‌కు మాత్రం ఎక్కడా రంధ్రం చేయకూడదు, వేడి తగలనీయకూడదు.

ముక్కు బరువుగా ఎందుకు ఉండాలి? బాణం చూడండి. ములికి బరువు, తోక తేలిక. తోకకున్న ఈకలు గాలికి అడ్డుపడి బాణాన్ని తిన్నగా ఉంచుతాయి. మన రాకెట్ కూడా అంతే. పరీక్షించడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. నీళ్ళు లేకుండా రాకెట్‌ను దారానికి వేలాడదీసి, అది అడ్డంగా తూగి నిలిచే చోట దారం బిగించి, తల చుట్టూ తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే. పిల్లిమొగ్గలు వేస్తే ముక్కులో ఇంకొంచెం మట్టి పెట్టాలి.

బిరడా మధ్యలో సన్నని రంధ్రం చేసి సూదిని గుచ్చాలి. సూది కొన బిరడా దాటి లోపలికి కనిపించాలి. నీళ్ళు పోసి, బిరడా బిగించి, ఇటుకల మధ్య నిలబెట్టి, దూరంగా నిలబడి పంపు కొట్టాలి. ఒత్తిడి చాలగానే బిరడా దానంతట అదే ఊడుతుంది.

మొదటి ఆదివారం

ఇంతా తెలిసి మొదటి ఆదివారం ఏమైంది? ఆరుసార్లు ప్రయత్నిస్తే ఒక్కటీ సరిగా లేవలేదు. అప్పుడు మేము రెక్కలను పాత నోటుపుస్తకాల అట్టలతో చేశాం. నీళ్ళు తగిలి అవి మెత్తబడి వంగిపోయాయి. తర్వాత ఎంత పంపు కొట్టినా బిరడా ఊడలేదు. చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు. మాకూ సిగ్గేసింది.

అప్పుడు ఒక ఎనిమిదో తరగతి తమ్ముడు ముందుకు వచ్చాడు. క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడని పిల్లవాడు. వేసవి సెలవుల్లో సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవాడట. "అన్నా, గాలి యాడో పోతాంది. పంక్చర్ చూసినట్టు చూద్దాం" అన్నాడు. సబ్బు నీళ్ళు తెచ్చి బిరడా చుట్టూ పూశాడు. సూది గుచ్చిన చోట బుడగలు వచ్చాయి. అక్కడ సైకిల్ ట్యూబు ముక్క కోసి, సొల్యూషన్ పూసి అంటించాడు. అది ఆరేదాకా ఆగి మళ్ళీ పంపు కొట్టాం. ఈసారి రాకెట్ హాస్టల్ మేడ దాటి పైకి పోయింది. పంపు కొట్టినవాడు తల నుండి కాళ్ళ దాకా తడిశాడు. ఆ రోజు నుండి ఏ బిరడా బిగించాలన్నా పిల్లలు ఆ తమ్ముడినే పిలుస్తున్నారు.

మన దేశపు మొదటి ఉపగ్రహ వాహక రాకెట్ ఎస్.ఎల్.వి-3 కథ కూడా ఇలాంటిదే. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి లేచిన ఆ రాకెట్, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగా పనిచేయక బంగాళాఖాతంలో పడింది. ఆ ప్రాజెక్టుకు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. ఆ రోజు విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ గారు. లోపం కనిపెట్టి సరిచేసుకున్నాక, 1980 జూలై 18న అదే ఎస్.ఎల్.వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ విజయం గురించి విలేకరులతో మాట్లాడమని ధావన్ గారు కలాం గారినే ముందుకు పంపారు. ఈ సంగతి కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. 2002 నుండి శ్రీహరికోట కేంద్రానికి ధావన్ గారి పేరే ఉంది.

ఎత్తు కొలవడం

రాకెట్ ఎంత ఎత్తుకు పోయిందో చెట్టు ఎక్కకుండానే చెప్పవచ్చు. జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకుని, దాని మధ్య బిందువుకు దారం కట్టి, చివర చిన్న రాయి వేలాడదీయాలి. రాకెట్ నుండి 20 మీటర్ల దూరంలో నిలబడి, కోణమానిని తిన్నని అంచు వెంట రాకెట్ చివరికంటా వెళ్ళిన చోటును గురి చూడాలి. దారం 55 దగ్గర ఉంటే, 90 నుండి 55 తీసివేస్తే 35 డిగ్రీలు. అదే ఊర్ధ్వకోణం.

పదో తరగతి త్రికోణమితి ఇక్కడ పనికొస్తుంది. టాన్ 35 విలువ సుమారు 0.70. దాన్ని 20తో గుణిస్తే 14 మీటర్లు. చూసే పిల్లవాడి కంటి ఎత్తు 1.2 మీటర్లు కలిపితే 15.2 మీటర్లు. "ఈ లెక్క దీనికోసమా అన్నా!" అని పదో తరగతి తమ్ముళ్ళు ఆశ్చర్యపోయారు.

అమెరికాలో రాబర్ట్ గొడ్డార్డ్ 1926 మార్చి 16న ఎగరేసిన ప్రపంచపు మొదటి ద్రవ ఇంధన రాకెట్ రెండున్నర సెకన్లే ఎగిరి, 41 అడుగుల ఎత్తుకు వెళ్ళింది. అంటే 12.5 మీటర్లు. అంతకన్నా మన బాటిలే పైకి పోయింది! కానీ ఆ చిన్న అడుగు తర్వాత 43 ఏళ్ళకు, 1969లో మనిషి చంద్రుని మీద కాలు పెట్టాడు.

ఒకసారికి ఒక్క మార్పే

తర్వాతి ఆదివారాల్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. బిరడా బిగించే లోతును పెన్నుతో గీత పెట్టి ఒకేలా ఉంచి, నీళ్ళు మాత్రం మార్చాం. ఫలితాలు రాయడానికి మార్కాపురం పలక ఒకటి తెచ్చుకున్నాం. పావు బాటిల్ నీళ్ళతో సగటున 11 మీటర్లు, మూడో వంతుతో 15, సగంతో 12 మీటర్లు వచ్చింది. మూడో వంతు నీళ్ళే మంచిదని పుస్తకం చూసి కాదు, తమ్ముళ్ళు తామే కనిపెట్టి చెప్పారు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన పడమటి ప్రకాశంలో నీటి విలువ ఎవరూ మనకు నేర్పనక్కరలేదు. తాగే నీళ్ళు మేము ముట్టుకోలేదు. ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళే వాడాం. ఇరవైసార్లు ఎగరేసినా ఏడు లీటర్లు దాటదు. అవి కూడా వృథా కాకుండా వేపమొక్కల పాదుల పక్కన ఇటుకలు పెట్టాం.

జాగ్రత్తలు

- పెద్దవాళ్ళు ఒకరు దగ్గర లేకుండా ఎగరేయకూడదు.
- అందరూ కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. పంపు కొట్టేవాడు కళ్ళద్దాలు పెట్టుకోవాలి.
- బిరడా ఊడకపోతే రాకెట్ మీదికి వంగి చూడకూడదు. పంపు ట్యూబు ఊడదీసి, గాలి పోయేదాకా ఆగాలి.
- సొట్టలు, గీతలు పడ్డ బాటిల్ పారేయాలి. మేము పదిసార్లకు ఒకసారి మార్చాం.
- కరెంటు తీగలు, రోడ్డు దగ్గర వద్దు. గాలి లేవకముందే, పొద్దున్నే ఎగరేయడం మేలు.

ముగింపు

కేరళలోని తుంబా నుండి 1963 నవంబరు 21న మన దేశంలో మొదటి రాకెట్ లేచింది. ఆ రోజుల్లో రాకెట్ భాగాన్ని సైకిల్ మీద తీసుకెళ్తున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. అరవై ఏళ్ళ తర్వాత, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువం దాపుల్లో దిగింది. మన రాకెట్ కూడా సైకిల్ పంపుతోనే మొదలయింది.

ఏటా అక్టోబరు 4 నుండి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. 1957 అక్టోబరు 4న మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరినందుకు గుర్తుగా ఆ తేదీన మొదలుపెడతారు. ఆ వారంలో మన హాస్టల్ గ్రౌండులో కూడా రాకెట్లు లేవాలి. పంపు, బిరడాలు, పలక స్టోర్ రూములో పెట్టి వార్డెన్ గారికి అప్పగించాం. పలక మీద చివరి కొలత 15.2 మీటర్లు. దాన్ని చెరిపి పెద్ద అంకె రాసే పని మీది తమ్ముళ్ళూ!