బొగ్గు లేని చలిమంట

చలికాలమున ఇంగ్లండులోని తమ బిడ్డల యిండ్లకు వెళ్ళి వచ్చిన పెద్దలు కొందరు మాతో ఒక విచిత్రము చెప్పుచుందురు. ముందుగదిలో గోడగూటియందు కట్టెలు ఎఱ్ఱగా మండుచుండును. మంట నాలుకలు చాచి లేచుచుండును. ప్రయాణపు బడలికతో వచ్చినవారు దాని యెదుట కూర్చుండి చేతులు చాతురు. వేడి తగులదు. కోడలు వచ్చి మరియొక మీట నొక్కిన పిదపగాని వెచ్చని గాలి రాదు. మన కుంపటి యెదుటగాని, భోగిమంట యెదుటగాని ఇట్టి అనుభవము కలుగదు. మంట యున్నచోట వేడి యుండుట మనము పసితనమునుండి యెఱిగిన సంగతి. ఈ విద్యుత్ చలిమంటలో ఆ రెండును విడిపోయినవి. మంటకు ఒక సాధనము, వేడికి వేరొక సాధనము. రెండును ఒకే పెట్టెలో నున్నవి. కొనదలచినవారు మొదట గ్రహింపవలసినది ఇదియే.

ఈ వస్తువునకు బ్రిటనులో ఇంత ఆదరము కలుగుటకు కారణము లేకపోలేదు. అక్కడి పాత యిండ్లలో గది గదికి గోడలో నిప్పుగూడు, దానిపై పొగగొట్టము నుండెడివి. అందు నేలబొగ్గు కాల్చెడివారు. 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు లండను నగరముపై దట్టమైన పొగమంచు కదలక నిలిచిపోయినది. ఇండ్లలోను కర్మాగారములలోను కాలిన బొగ్గుపొగ పైకి పోవు దారిలేక వీథులలోనే క్రమ్ముకొన్నది. నాలుగువేలమంది మరణించిరని అప్పటి లెక్క. పన్నెండువేల వరకు ఉండవచ్చునని తరువాతి పరిశోధకుల అంచనా. 1956లో వచ్చిన స్వచ్ఛ వాయు చట్టము, పొగరాని యింధనమునే వాడవలసిన ప్రాంతములను ప్రకటించు అధికారమును స్థానిక సంస్థల కిచ్చినది. క్రమముగా నిప్పుగూళ్ళు చల్లబడినవి. కాని కుర్చీలు మాత్రము వానివైపే తిరిగి యుండెను. ఖాళీ గూటిని చూచుచు కూర్చుండుట ఎవరికి ఇంపగును? ఎఱ్ఱని కాంతి చూపు విద్యుత్ పొయ్యిలు అంతకు పూర్వమే బజారులో నున్నను, వానికి నిజమైన అవసరము అప్పుడు కలిగినదని మా అభిప్రాయము.

ఆ కాలపు పొయ్యిలోని కిటుకు చాల సులభమైనది. బొగ్గుల ఆకారమున పోతపోసిన మూతక్రింద ఎఱ్ఱని బల్బు వెలుగుచుండును. బల్బు పైభాగమున, సూదిమొనపై నిలిపిన పలుచని రేకు చక్రమొకటి యుండును. దానికి ఱెక్కలు కోసి యుందురు. బల్బు వేడికి గాలి పైకి లేచి ఆ చక్రమును త్రిప్పును. చక్రపు నీడలు బొగ్గులపై కదలును. దీపముమీద కాగితపు గిరక పట్టి ఆడుకొనిన పిల్లలకు ఇందులో క్రొత్త యేమియు లేదు. ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. గాలిని లేపి చక్రమును త్రిప్పునంతటి వేడి వానివలన రాదు. కావున చిన్న మోటారొకటి, మెఱయు రేకులు గల కడ్డీని త్రిప్పును. ఆ మెఱుపులు తెరపై పడి జ్వాలలవలె కనిపించును. మరియొక రకమున నీటిని అతి సూక్ష్మమైన తుంపరగా లేపి దానిపై రంగు దీపములు ప్రసరింపజేయుదురు. చూచుటకు ఇది అన్నింటికంటె సహజముగా నుండును. అయితే తొట్టిలో తరచు నీరు పోయవలెను, తొట్టిని శుభ్రపరచవలెను. లండను ప్రాంతమున నీటిలో సున్నము అధికము గనుక శుద్ధిచేసిన నీరే పోయవలసివచ్చును. ఈ చాకిరీకి సిద్ధపడనివారు ఆ రకము జోలికి పోకుండుటయే మంచిది.

దుకాణములో మంటను చూచి మురిసిపోవుదుము, చెవియొగ్గుట మరతుము. ఇంటిలో రాత్రివేళ పుస్తకము చదువుకొనువారిని వేధించునది ఆ మోటారు, ఆ పంకా చప్పుడులే. కావున దుకాణపు సందడి తగ్గిన వేళ వెళ్ళి, రెండింటిని విడివిడిగా నడిపించి వినవలెను.

ఇక వేడి సంగతి. ఒక కిలోవాటు విద్యుత్తు ఏ హీటరులో ప్రవేశించినను ఒక కిలోవాటు వేడినే యిచ్చును. చలువరాతి చట్రము బిగించినంత మాత్రమున అది పెరుగదు. అధికమైన వెల మంటకు, చట్రమునకు, హంగులకు చెల్లించునదే. మంటను మాత్రమే వెలిగించిన, ఇరువది వాట్ల దీపమునకు నాలుగు గంటలలో యూనిట్టులో పదవవంతైనను ఖర్చుకాదు. రెండు కిలోవాట్ల వేడిని అంతసేపు ఆపక వాడినచో ఎనిమిది యూనిట్లగును. బ్రిటనులో యూనిట్టుకు విద్యుత్తు వెల, గ్యాసు వెలకు ఇటీవల సుమారు నాలుగు రెట్లుండుట గుర్తుంచుకొనవలెను. ఇల్లంతటిని వెచ్చబరచుటకు ఇది తగినది కాదు. సాయంకాలము ఒక్క గదిలో రెండు గంటలు కూర్చుండువారికి మాత్రము అనువైనదే. వెచ్చదనము తగినంత కాగానే తనంతట ఆగు థెర్మోస్టాటు ఉన్నదా యని తప్పక అడుగవలెను.

వేడిగాలి ఏ వైపునుండి వచ్చునో కూడ చూడవలెను. పైభాగమునుండి వచ్చు గాలి నేరుగా కప్పునకు చేరును. వృద్ధుల పాదములు చల్లగనే యుండును. మా మట్టునకు క్రిందినుండి గాలి వచ్చునదే మేలు.

పాత గూటిలో అమర్చదలచినవారు మొదట గూటి లోతు కొలిచి చూడవలెను. తెరచియున్న పొగగొట్టముద్వారా గదిలోని వెచ్చని గాలి పైకి పోవును గనుక దానిని మూయవలెను. కాని బొత్తిగా మూసివేసినచో లోపల తేమ పట్టి గోడ చెడును. చిన్న గాలిరంధ్రము విడుచుట అవసరము.

రెండు కిలోవాట్ల హీటరు 230 వోల్టులవద్ద సుమారు తొమ్మిది ఆంపియర్లు లాగును. బ్రిటనులోని 13 ఆంపియర్ల ప్లగ్గు దీనికి చాలును. మన యిండ్లలో ఫ్యానుకు, దీపమునకు వాడు 6 ఆంపియర్ల ప్లగ్గులో దీనిని పెట్టరాదు. 16 ఆంపియర్ల పవరు ప్లగ్గు కావలెను. ఏ దేశమందైనను ఎక్స్‌టెన్షను తీగతో నడుపుట ప్రమాదము. వర్షకాలమున తడిచీరలను ఆరవేయు అలవాటుతో కొందరు హీటరుపైనే బట్టలు పఱచుదురు. గాలి వచ్చు సందు మూసికొనిపోయినచో ఏమగునో వేరుగ చెప్పవలెనా? వేడి మితిమీరినపుడు విద్యుత్తును నిలుపు సాధనము లోపల ఉన్నను, దానిని నమ్ముకొని బట్టలు వేయరాదు.

పసిపిల్లల విషయమున మాకొక సందేహము కలదు. ఈ మంటయెదుటి అద్దము కొన్ని రకములలో చేతితో తాకదగినంత చల్లగా నుండును. దినదినము దానిని తడుముచు పెరిగిన రెండేండ్ల బిడ్డ, సంక్రాంతికి తాతగారి యింటికి వచ్చి భోగిమంటను చూచినచో చేయి చాపదా? ఇంగ్లండులో ఆ యింటివారు, పెట్టెలో నున్నది దీపమని, పెరటిలో కాలునది నిప్పని బిడ్డకు వేరువేరుగా చూపి చెప్పవలెను. ఇక్కడి పెద్దలు మంటవద్ద బిడ్డ చేయి విడువరాదు. పెట్టెవద్దనైనను వేడిగాలి వచ్చు జాలీ కాలును గనుక దానికి అడ్డు కంచె పెట్టుట మంచిది.

ఏటేట మొదటి చలిదినమున, హీటరు వెలిగించుటకు ముందు ప్లగ్గు తీసి, జాలీలోని దుమ్మును మెత్తని బ్రష్షుతో దులుపవలెను. అయినను మొదటి కొన్ని నిమిషములు కమురు వాసన రావచ్చును. అంతవరకు కిటికీ తెరచి యుంచవలెను. అరగంట గడచినను వాసన తగ్గనిచో వెంటనే ఆపి, తెలిసిన ఎలెక్ట్రీషియనుకు చూపవలెను.