గడ్డకట్టినా ఆగని ఇచ్చిపుచ్చుకోలు

లావా చల్లారి రాయైపోయాక దాని లోపల ఇంకేమీ జరగదని చాలామంది నమ్మకం. భూగర్భశాస్త్రం చదివే విద్యార్థులు సైతం, "మాగ్మాలో ముందుగా గడ్డకట్టే ఖనిజాల్లో క్రోమైట్ ఒకటి కదండీ, దాన్ని పరీక్షిస్తే మాగ్మా గుట్టు తెలిసిపోదా?" అని అడుగుతుంటారు. అంత సులువుగా తెలియదు. దాని పక్కన ఆలివిన్ అనే మరో ఖనిజం ఉంది మరి.

ఆలివిన్ ఆకుపచ్చది, క్రోమైట్ నల్లది. రెండింటిలోనూ మెగ్నీషియం, ఇనుము ఉంటాయి. చోట్లు మార్చుకునేవి ముఖ్యంగా ఇవే. రాత్రి రైలెక్కినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పక్కపక్కన రెండు బోగీలు: ఒకటి ఆలివిన్, ఒకటి క్రోమైట్. మెగ్నీషియం, ఇనుము అయాన్లకు రెండేసి ధనావేశాలు, పరిమాణమూ దాదాపు సమానం. అంటే ఒకే తరగతి టికెట్టు. ఒకరు లేచి మరొకరికి బెర్తు ఇచ్చినా మిగతా ప్రయాణికులు కదలనక్కర్లేదు. మూడేసి ఆవేశాల క్రోమియం, అల్యూమినియంలది వేరే తరగతి, వాటికి ఇంత వీలుండదు. మెగ్నీషియానికి ఆలివిన్ బోగీ ఇష్టం, ఇనుముకు క్రోమైట్ బోగీ. బాగా వేడిగా ఉన్నంతసేపు అంతా అటూ ఇటూ తిరుగుతుంటారు, ఎవరి ఇష్టమూ పెద్దగా సాగదు. వేడి తగ్గేకొద్దీ ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు చేరతారు. ఇంకా చల్లబడితే లేచే ఓపిక లేక ఎక్కడివాళ్లక్కడే నిద్రపోతారు. తెల్లారి మనం రాసుకునే జాబితా నిద్రపోయిన వేళది, రైలెక్కిన వేళది కాదు. పైగా ఆలివిన్‌వి ఇరవై బోగీలై, క్రోమైట్‌ది ఒక్కటే అయితే, మార్పు కొట్టొచ్చినట్టు కనిపించేది ఆ ఒక్కదాంట్లోనే.

అందుకే సుమారు 1200 డిగ్రీల దగ్గర పుట్టిన రాయి నిదానంగా చల్లారితే, దాని ఖనిజాలు 700-800 డిగ్రీలే చూపించవచ్చు. ఈ పంపకానికి 1965లో కెనడా శాస్త్రవేత్త ఇర్విన్ సిద్ధాంతం రాశారు. 1969లో జాక్సన్ దాన్ని రాళ్ల ఉష్ణమాపకంగా మలిచారు.

నమ్మకం కుదరకపోతే హవాయిలోని కిలవేయా ఇకి సంగతి చూడండి. 1959 చివర్లో అక్కడ అగ్నిపర్వతం బద్దలై, ఒక పెద్ద గుంటలో వంద మీటర్లకు పైగా లోతున లావా సరస్సు నిలిచింది. అది చల్లారుతుండగానే 1960 నుంచి పలుమార్లు డ్రిల్లింగ్ చేసి నమూనాలు తీశారు. గాల్లోకి ఎగజిమ్మి చప్పున చల్లారిన 1959 నాటి ముక్కల్లో క్రోమైట్ పుట్టినప్పటిలాగే ఉంది. సరస్సులోంచి తీసినవాటిలో మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ మెగ్నీషియం తగ్గి, ఇనుము, టైటానియం పెరిగాయి. ఆ క్రోమైట్ గింజలు ఆలివిన్ స్ఫటికాల కడుపులో ఉన్నాయి. బయట మిగిలిన ద్రవంతో మారకం ఆ స్ఫటికం గుండానే సాగింది! అంత వేడిలో క్రోమియం, అల్యూమినియం కూడా కదిలాయి. స్కోవెన్, రోడర్, హెల్జ్ 1991లో ఈ వివరాలు ప్రచురించారు. దీనికి లక్షల ఏళ్లు పట్టలేదు, ఇరవై ఏళ్లు చాలాయి.

నాణ్యమైన ఆలివిన్‌నే పెరిడాట్ అంటారు. బుధగ్రహ దోషం పోతుందని దాన్ని ఉంగరాల్లో పొదిగి అమ్ముతున్నారు. ఆకాశంలోని గ్రహానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. భూతద్దంలో అందులో నల్లచుక్క కనిపిస్తే లోపమని ధర తగ్గిస్తారు. ఆ చుక్క చాలాసార్లు క్రోమైటే. నా దృష్టిలో ఆ రాయిలో అసలు విలువైనది అదే.

పొరలు పొరలుగా క్రోమైటే నిండిన చోట ఇందాకటి బోగీల లెక్క తిరగబడుతుంది. అక్కడ మైనారిటీ ఆలివిన్‌ది, మారేదీ అదే. కాబట్టి మాగ్మా గుట్టు కావాలంటే చెదురుమదురు గింజల్ని వదిలి ఈ మందపాటి పొరల్లోంచి నమూనా తీయాలి. అదీ అన్నిచోట్లా పనికిరాదు. కొండపల్లి కొండల్లో క్రోమైట్ తవ్వారు. ఆ రాళ్లు పుట్టాక భూమి లోతుల్లో మళ్లీ తీవ్రమైన వేడికి లోనయ్యాయి. నిద్రపోయినవాళ్లంతా లేచి మళ్లీ బెర్తులు మార్చుకున్నారన్నమాట.

అలాగని చెదురు గింజలు వృథా కావు. చిన్న గింజ నడిమధ్యకు దూరం తక్కువ, అందుకని అది చాలాసేపు మారుతూ ఉండి తక్కువ వేడి చూపిస్తుంది. పెద్దది ముందే ఆగిపోతుంది. ఒకే రాయిలోని చిన్నా పెద్దా గింజల మధ్య ఈ తేడాను బట్టి ఆ రాయి ఎంత వేగంగా చల్లారిందో లెక్కగట్టే పద్ధతిని జపాన్ శాస్త్రవేత్త ఒజావా 1984లో చూపించారు.