దంపతుల కళాదానము

మా గాజులరామారపు వీథులలో తెల్లవారినది మొదలు పాతసామానులవాని కేక వినబడుచునే యుండును. మన అమ్మమ్మల కాలపు ఇత్తడి గంగాళము, నగిషీలు చెక్కిన తమలపాకుల పెట్టె, దీపపుసెమ్మె, అన్నియు వాని త్రాసులో ఒక్కటియే. అక్కడ పనితనమునకు వెల లేదు, తూకమునకే వెల. ఇరుకైన క్రొత్త యిండ్లలో వానిని దాచుట కష్టమే. కాని ఆ బండిపై పోవునది ఇత్తడి మాత్రమేనా యని మేము పలుమారు చింతించితిమి.

ఇట్టి చింత దూరదేశములందును కలదు. మెక్సికో దేశమున ఫెర్నాండో రొమేరో అను వాస్తుశిల్పి కలడు. 1971లో జన్మించిన యీతడు తన దేశపు రాజధానిలో సౌమాయా మ్యూజియమునకు రూపకల్పన చేసి ప్రసిద్ధి గాంచెను. వేలకొలది అల్యూమినియపు బిళ్ళలతో కప్పబడి మెఱయుచుండు ఆ భవనము 2011లో తెరువబడినది. అందు ప్రవేశమునకు రుసుము లేదు. మరుసటి యేటనే, అనగా 2012లో, అతడు తన భార్యతో గూడి మఱియొక నిలయమును నెలకొల్పెను. ఇది రాజుల కిరీటములకు గాక, మనుష్యులు నిత్యము వాడుకొను వస్తువుల అందమునకై యేర్పడినది.

“నాడు లోకప్రసిద్ధుడైన కోటీశ్వరుని అల్లుడై యుండినవానికి అది చెల్లినది. సామాన్యుల కెట్లు సాధ్యము?” అని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. దానికి సమాధానము మన హైదరాబాదులోనే యున్నది.

జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ అను దంపతులు ఉత్తరాదివారు. ఇరువురును చిత్రకళ నభ్యసించినవారే. జగదీశుగారు శాంతినికేతనమున నందలాల్ బోసుగారి శిష్యులు. 1950 ప్రాంతముల వీరు హైదరాబాదు చేరి, యిచ్చటనే స్థిరపడిరి. వీరికి ధనరాసులు లేవు. మంచి వస్తువును గుర్తింపగల కన్నే వీరి మూలధనము. ఇతరులు పనికిమాలిన వనుకొన్నవానిని వీరు వెదకి వెదకి కొనిరి. చిత్రములు, కంచు విగ్రహములు, అద్దకపు వస్త్రములు, కుట్టుపనులు, వ్రాతప్రతులు వీరి యింట చేరినవి.

అందు బిదరీ పాత్రలు ముఖ్యమైనవి. నేడు జింకు అనబడు తుత్తునాగమున కొంచెము రాగి కలిపి పోతపోసి, దానిపై చెక్కిన గాడులలో వెండి తీగెలు పొదుగుదురు. పిదప బీదరు కోట మట్టిని నవాసాగరముతో కలిపి రుద్దగా, లోహము కాటుకవలె నల్లబడును. వెండి మాత్రము మల్లెవలె తెల్లగా నిలుచును. పాందానులు, హుక్కా కుదురులు ఇట్లు తయారైనవే. ఇవి యొకనాటి గృహోపకరణములే గదా!

మఱి మన తెలంగాణపు పటముల సంగతి. నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పూసి, దానిపై కులపురాణములను చిత్రింతురు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, రజకులకు మడేలు పురాణము ఇట్టివి. కథకులు ఆ పటము నూరూర విప్పి కథ చెప్పెడివారు. పటము జీర్ణించినచో దానిని నీట కలుపుట ఆచారము. కావుననే పాతవి మిగులుట అరుదు. అట్టివానిని మిత్తల్ దంపతులు సేకరించి కాపాడిరి. బిదరీ పనిని గూర్చియు, ఈ పటములను గూర్చియు జగదీశుగారు గ్రంథములు వ్రాసిరి.

ఇంత కూర్చినవారు దానిని సొమ్ము చేసికొని సుఖింపవచ్చును. కాని 1976లో వీరు దోమలగూడ ప్రాంతమున తమ సేకరణతో ధర్మసంస్థగా మ్యూజియమును స్థాపించిరి. దానికి జగదీశ్ కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియమని పేరు. భర్త పేరు చాటున భార్య పేరు మరుగుపడలేదు. సహధర్మచారిణి యను మాటకు ఇంతకంటె అర్థ మేమి కావలయును? 1990లో ప్రభుత్వము జగదీశుగారికి పద్మశ్రీ నొసగినది. కమలగారు 2012లోను, జగదీశుగారు 2025లో నిండు తొంబదితొమ్మిదేండ్ల వయస్సునను గతించిరి. వారు కూర్చిన వస్తువులు మాత్రము మనకు మిగిలినవి.

మనమందరమును మ్యూజియములు కట్టలేము. కాని పాతసామానులవాని పిలుచుటకు ముందు ఒక్క గడియ యాగవచ్చును. ఆ వస్తువును చింతపండుతో తోమి వెలుగున జూడుడు. ఇంటి పెద్దమ్మ నడిగి అది యెవరి పుట్టింటి సారెగా వచ్చినదో, ఏ యూరి పనివాడు చేసినదో తెలిసికొని, కాగితముపై వ్రాసి అందులోనే యుంచుడు. అప్పుడది యొట్టి లోహము కాదు, వంశచరిత్ర యగును. పిల్లలను చేయిపట్టి యొకమారు మ్యూజియమునకు గొనిపోవుడు. కన్ను తెరచిన పిల్లకు మనము పెట్టు నగలకంటె అది మంచి సొమ్ము.