పాత కంప్యూటర్ మన ఇంటికి వచ్చినప్పుడు

చౌటుప్పల్‌లో ఉదయం బస్సెక్కి హైదరాబాద్ దారి పడితే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇతరులు వాడిన కంప్యూటర్లు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. పిల్లల చదువు కోసం అలాంటిది కొనడం పొదుపైన పనే. అయితే ధరతో పాటు ధర్మమూ చూడాలని తల్లిదండ్రులకు మేము మనవి చేస్తున్నాము.

మొదటిది లావాదేవీలో నిజాయితీ. అమ్మేవాడూ కొనేవాడూ సత్యం పలికి, లోపాలను స్పష్టం చేస్తే వారి బేరంలో శుభం ఉంటుందనీ, దాచిపెడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) గారి ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కును ఫిఖ్హ్ 'ఖియారుల్ ఐబ్' అంటుంది. కనుక బ్యాటరీ, డిస్కు, తెర, కీబోర్డు దుకాణంలోనే పరీక్షించి, సీరియల్ నంబరు రాసిన బిల్లు తీసుకోవాలి. ఆన్ చేయగానే ఏదైనా కంపెనీ లాగిన్ అడిగితే, దాన్ని తప్పించే ఉపాయాలు వెతకరాదు. ఆ యంత్రం ఇంకా ఆ కంపెనీ ఆస్తే కావచ్చు. దొంగసొత్తని తెలిసి కొనడం ధర్మసమ్మతం కాదు.

రెండవది పరుల గోప్యత. పాత యజమాని ఫోటోలు, బ్యాంకు కాగితాలు డిస్కులో మిగిలి ఉండవచ్చు. ఇతరుల రహస్యాలు ఆరా తీయడాన్ని దివ్య ఖుర్ఆన్, సూరతుల్ హుజురాత్ 12వ ఆయతులో నిషేధించింది. వాటిని తెరవకుండా అమ్మినవారికి తెలియజేసి, యజమానికి కబురు చేరే వీలుంటే చేర్చి, ఆపై పూర్తిగా చెరిపివేయాలి. చెత్తబుట్టలో వేసినంతనే ఫైళ్ళు పోవు. విండోస్ 'రీసెట్'లో అన్నీ తొలగించే ఎంపికతో పాటు డ్రైవును శుభ్రపరిచే ఎంపికనూ ఎన్నుకోవాలి. అనంతరం పెన్‌డ్రైవ్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కిస్తే, పాసువర్డులు దొంగిలించే ప్రోగ్రాములేవైనా దాగి ఉంటే వాటి బెడద కూడా చాలావరకు తప్పుతుంది. పరుల గుట్టు కాపాడే పనే మన ఇంటి గుట్టునూ కాపాడుతుంది.

మూడవది సాఫ్ట్‌వేర్. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇతర అర్హతలతో పాటు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 ఉండాలి. 'క్రాక్' చేసిన ప్రతి ఎక్కించి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోరాదు. గ్రంథకర్తల, ఆవిష్కర్తల హక్కులు షరీఅత్ రక్షణ గలవనీ, వాటిని ఉల్లంఘించరాదనీ అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో తీర్మానించింది. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి ఉచితం. ప్రతులు తీసుకోవడానికి వాటి రూపకర్తలే అనుమతించారు. వాటిలో తెలుగు, ఉర్దూ రెండూ టైపు చేయవచ్చు.

ఇక పిల్లలకు అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని వేరే ఖాతా ఇచ్చి, యంత్రాన్ని అందరూ తిరిగే గదిలో ఉంచండి. రేపు మన పాత కంప్యూటర్‌నో, ఫోన్‌నో అమ్మే రోజు వస్తుంది. అప్పుడు దాని లోపం చెప్పడం, మన కుటుంబ చిత్రాలను చెరిపి ఇవ్వడం మన బాధ్యత.