బ్రేకులు మొరపెట్టుకుంటే వినండి

1996లో మా మామగారు మొదటిసారి అమెరికా వచ్చారు. విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకొస్తున్నాను. మొదటి ఎర్రదీపం దగ్గర కారు ఆపబోతే కీచుమని ఒక కూత. రెండో దీపం దగ్గర మళ్ళీ అదే. వెనక సీట్లోంచి ఆయన, "ఏం బాబూ, బండి ఏదో అంటోంది?" అన్నారు. "పాత కారు కదండీ, మామూలే" అని పాటల కాసెట్ చప్పుడు కాస్త పెంచాను.

అలా పెంచడం ఎంత ఖరీదయిందో నెలన్నర తర్వాత తెలిసింది. కూత పోయి బరబరమని రాపిడి మొదలయింది. షాపుకు తీసుకువెళితే, ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి, వాటి వెనక రేకులు రోటర్లను గాట్లు పడేలా కోసేశాయని చూపించారు. ప్యాడ్లతో పోయేదానికి రోటర్ల ఖర్చు కూడా తోడయింది. మామగారు ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మన ఊళ్ళో అయితే బండి ఏ చప్పుడు చేసినా సందు చివర మెకానిక్ చేతికిచ్చి, టీ తాగి వచ్చేవాళ్ళం. ఇక్కడ చాలాసార్లు విడిభాగం ఖరీదు కంటే కూలి ఎక్కువ. అందుకని మనలో చాలామంది రెండే పనులు చేస్తారు. వినబడనట్టు ఊరుకుంటారు, లేదా షాపువాడు చెప్పినదానికల్లా తల ఊపుతారు. మూడో దారి ఒకటుంది. ముందు మనమే శ్రద్ధగా విని, చక్రం విప్పి చూసి, ఆ తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకోవడం.

అసలు కూత ఎందుకు?

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెమే రోటర్. పెడల్ నొక్కితే క్యాలిపర్ రెండు ప్యాడ్లతో ఆ పళ్ళేన్ని రెండు వైపుల నుంచీ పట్టుకుంటుంది. ఆ పట్టు స్థిరంగా ఉండక, ప్యాడూ రోటరూ కలిసి సెకనుకు వేలసార్లు అదిరితే అదే మనకు కీచుమని వినిపిస్తుంది. పలక మీద బలపం కీచుమనేదీ ఇలాంటి అదురుతోనే.

ఈ గోల కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు ఘోరంగా అరిచేవట. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్ వాడాక గాని ఆ అరుపు తగ్గలేదు. ఆ ఆస్‌బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకు ఎంత చేటో లోకానికి తర్వాత తెలిసింది.

ఏ చప్పుడుకు ఏ అర్థం?

రాత్రి వాన పడి, పొద్దున్నే మొదటి రెండు మూడుసార్లు బ్రేకు వేసినప్పుడు మాత్రమే చప్పుడొస్తే అది రోటర్ మీద పైపైన పట్టిన తుప్పు. దానంతటదే పోతుంది.

రోజూ ఆగకుండా సన్నని కూత వస్తుంటే, అది చాలా కార్లలో ప్యాడుకు కావాలని అమర్చిన చిన్న రేకు పని. ప్యాడ్ బాగా అరగగానే ఆ రేకు రోటర్‌ను తాకి కూస్తుంది. అంటే మా కారు ఆ రోజు చెడిపోయి అరవలేదు, చెప్పవలసిన సమయానికే చెప్పింది.

ప్యాడ్లు మందంగానే ఉన్నా కూస్తుంటే, ప్యాడ్ ఆనే చోట్ల గ్రీజు ఎండిపోయి ఉండాలి, లేదా క్యాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకుపోయి ఉండాలి, లేదా ప్యాడ్ ముఖం అద్దంలా నున్నబడి ఉండాలి.

గరగరమని ఇనుము ఇనుమును కోసే చప్పుడయితే ఇక కారు నడపకండి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయినా, కారు ఒక పక్కకు లాగినా అది ఇంట్లో చేసే పని కాదు. తో ట్రక్కును పిలవండి.

విప్పి చూద్దాం

చదునైన చోట కారు ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, నేల మీద ఉండే చక్రాలకు అడ్డం పెట్టండి. నట్లు కారు పైకెత్తక ముందే కొద్దిగా వదులు చేయాలి. జాకీతో ఎత్తాక జాక్ స్టాండు మీద నిలపండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు దగ్గర చేయి పెట్టవద్దు. పిల్లల్ని దూరంగా ఉంచండి.

చక్రం తీశాక ప్యాడ్ మందం చూడండి. కొత్త ప్యాడులో రాపిడి పదార్థం 10–12 మిల్లీమీటర్లుంటుంది. 3 కి దిగితే మార్చవలసిందే. కొలబద్ద లేకపోతే రెండు పెన్నీలు ఒకదాని మీద ఒకటి పెట్టండి, ఇంచుమించు అంత మందం. బయటి ప్యాడ్ ఒక్కటీ చూసి సంతోషించకండి. లోపలిది ముందు అరిగిపోవడం కద్దు. బ్రేకు పొడిని ఊదకండి, గాలిపంపుతో కొట్టకండి. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

ప్యాడ్లు బాగుంటే, వాటిని తీసి, బ్రేకుల కోసమే తయారయిన, వేడికి తట్టుకునే గ్రీజును ప్యాడ్ వెనక రేకుకూ, ఆనే అంచులకూ, జరిగే పిన్నులకూ పలచగా రాయండి. రాపిడి ముఖానికి గాని రోటర్‌కు గాని ఒక్క చుక్క కూడా తగలకూడదు. క్యాలిపర్‌ను రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకండి, తీగతో పైకి కట్టండి. కొత్త ప్యాడ్లు వేస్తే ఒకే ఇరుసుకు రెండు పక్కలా వేయాలి. వెనక చక్రాలకు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే పద్ధతి వేరు, మీ కారు పుస్తకం చూడనిదే మొదలుపెట్టవద్దు.

చివర నట్లను టార్క్ రెంచితో బిగించండి. చాలా చిన్న కార్లకు 80–100 ఫుట్-పౌండ్లు, కాని పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం. కారు కదిలించక ముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. ఇది మరిచిపోతే మొదటిసారి నొక్కినప్పుడు బ్రేకు పడకపోవచ్చు!

ఒక్క హెచ్చరిక

మిత్రుడొకడు తలుపు కీళ్ళకు కొట్టే నూనెను నేరుగా రోటర్ మీద కొట్టాడు. కూత ఠక్కున ఆగింది, దాంతో బ్రేకు పట్టు కూడా పోయింది. అదృష్టం కొద్దీ అది వాళ్ళ ఇంటి డ్రైవ్‌వేలోనే తెలిసింది. ప్యాడ్లన్నీ పారేయవలసి వచ్చింది. చప్పుడు ఆపడం వేరు, దాని కారణం తీసేయడం వేరు. నేను కాసెట్‌తో చేసిందీ, అతను నూనెతో చేసిందీ ఒకటే పని.

ఇదంతా మీ చేతులతో చేయకపోయినా ఫరవాలేదు. చూడడం నేర్చుకుంటే చాలు. "లోపలి ప్యాడ్ ఎంత మందం మిగిలింది? చూపించండి" అని అడిగేవారితో షాపువారు మాట్లాడే తీరే మారుతుంది.

దసరాకు మనమంతా కార్లకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆ నిమ్మకాయ పెట్టడానికి వంగినప్పుడు చక్రం కమ్మీల సందులోంచి ఒకసారి లోపలికి కూడా చూడండి. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలూ, మన పెద్దలూ కదా.